ఒక కంటికి తెలుపు, ఇంకో కంటికి పసుపు: శుక్లం ఆపరేషన్ తరువాత రంగులు ఎందుకు మారాయి?

పడుగుపేక (చౌటుప్పల్ వైపు)

మా ఇంట్లో అద్దకం పని నాయనది. చిటికి కట్టిన నూలును ఏ రంగులో ఎంతసేపు ఉంచాలో, ఎప్పుడు పైకి తీయాలో చూపుతోనే తేల్చేస్తాడు. రాసి పెట్టుకున్న కొలతలేవీ లేవు. ఈ మధ్య కుడి కంటికి శుక్లం తీసి లెన్సు వేశారు. చూపు బాగా వచ్చింది, సంతోషమే. కానీ ఇంట్లో కొత్త పేచీ మొదలైంది. ఎడమ కన్ను మూసి చూస్తే తెల్ల నూలు చిలప తెల్లగా, కాస్త నీలి ఛాయతో ఉందంటాడు. కుడి కన్ను మూస్తే అదే చిలప నెయ్యి రంగులో ఉందంటాడు. పోయిన ఏడు తానే అద్దిన నీలం చీర ముందు పెడితే, "ఇంత మెరిసే నీలం నేను వేయలేదు, ఎవరో మార్చారు" అని వాదన.

నా ప్రశ్నలు రెండు. ఏ కన్ను చెబుతున్నది నిజం? ఇన్నేళ్లూ పసుపు కంటితో వేసిన రంగులన్నీ తప్పేనా? మాకు నూలు ఇచ్చే షావుకారు చెవిన ఈ మాట పడితే పని వేరేవాళ్లకు వెళ్లిపోతుందని అమ్మ భయం.

దేవరకొండ_ప్రశ్న

నాసిరకం లెన్సు వేసి ఉంటారు. వెళ్లి నిలదీయండి. కన్ను అంటే కెమెరా, లెన్సు బాగుంటే బొమ్మ బాగుంటుంది. ఇందులో చర్చకు ఏముంది?

దృష్టి_నల్లగొండ

నిలదీయవలసిన అవసరం లేదు. నేను నల్లగొండలో చూపు పరీక్షించి అద్దాలు రాసే ఆప్టోమెట్రిస్టును. ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుని రెండో కంటికి ఇంకా ఆగిన పెద్దవాళ్లు ఈ మాట తరచుగా అంటారు. చాలామంది "గోడకు సున్నం వేశారా" అని అడుగుతారు. మీ నాయన రంగుల మనిషి కాబట్టి ఇంత వివరంగా చెప్పగలిగాడు.

చిన్నప్పుడు కంటి లెన్సుకు దాదాపు రంగు ఉండదు. వయసు పెరిగేకొద్దీ అందులోని ప్రోటీన్లు మారి పసుపెక్కుతాయి, శుక్లం ముదిరితే గోధుమ రంగుకూ పోతుంది. పసుపెక్కిన లెన్సు నీలం, ఊదా వెలుగును లోపలికి రానివ్వకుండా మింగేస్తుంది. ఇది ఏళ్ల తరబడి జరుగుతుంది కాబట్టి మెదడు కూడా ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది. వచ్చే వెలుగులో నీలం తగ్గినా, ఎక్కువసార్లు కనిపించే తెల్ల పంచెను, తెల్ల గోడను 'తెలుపు' అనే లెక్క కడుతుంది. అందుకే శుక్లం ఉన్నవాళ్లు "మసకగా ఉంది" అని వస్తారు కానీ "అంతా పసుపుగా ఉంది" అని దాదాపు ఎవరూ రారు.

ఆపరేషన్ రోజున ఆ పసుపు ఒక్కసారిగా పోతుంది. నీలం వెలుగు కంటి వెనుక తెర లాంటి రెటీనా మీద ధారాళంగా పడుతుంది, మెదడు మాత్రం పాత సవరణే చేస్తూ ఉంటుంది. అందుకే తెలుపులో నీలి ఛాయ కనిపిస్తోంది. ఈ సవరణ కొత్త లెక్కకు రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఇక ఎడమ కన్ను కొత్తగా పసుపెక్కలేదు. ఇప్పుడు పోల్చుకోవడానికి పక్కన ఇంకో కన్ను దొరికింది, అంతే.

పాలమూరు_ఫిజిక్స్

క్లోద్ మోనే అనే ఫ్రెంచి చిత్రకారుడికి అచ్చంగా ఇదే జరిగింది. 1923లో శుక్లం తీశారు, అదీ కుడి కంటికే. రెండో కంటికి ఆయన ఒప్పుకోలేదు. రంగులు తేడాగా కనిపిస్తున్నాయని వైద్యుడితో గొడవ పడ్డాడు, రంగు అద్దాలు మార్చి మార్చి పెట్టుకున్నాడు. అప్పట్లో కంటిలోపల వేసే లెన్సు లేదు. అది 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు మొదలుపెట్టినది. యుద్ధంలో విమానం అద్దాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకుపోయినా కన్ను వాపెక్కకపోవడం గమనించి, అదే పదార్థంతో లెన్సు చేయించాడు.

రెండో ప్రశ్న, ఇన్నేళ్లూ వేసిన రంగులు తప్పేనా అన్నది, నాకు మొదటిదానికంటే ముఖ్యంగా అనిపిస్తోంది. పడుగుపేక తమ్ముడూ, నాయన అద్దేటప్పుడు పక్కన మచ్చు (నమూనా పోగు) పెట్టుకునేవాడా?

పడుగుపేక

అవును సార్. షావుకారు ఇచ్చిన మచ్చు పోగును చూపుడువేలికి చుట్టుకుని, తడి నూలును పిండి, గడప దాటి బయటికి వచ్చి పక్కపక్కన పెట్టి చూసేవాడు. తడిలో ముదురుగా కనిపిస్తుంది కాబట్టి చివరిసారి ఆరబెట్టి చూస్తాడు. ఇంటిలోపల ఎప్పుడూ తేల్చడు.

పాలమూరు_ఫిజిక్స్

అయితే అమ్మగారికి ధైర్యం చెప్పండి. మచ్చు పోగు, కొత్త నూలు రెండూ అదే పసుపు లెన్సు గుండా వచ్చాయి. నీలం తగ్గితే రెండింటిలోనూ తగ్గింది. పోలిక చెడలేదు. 'ఇది ఎంత నీలం' అని ఎవరైనా అడిగి ఉంటే తప్పు చెప్పేవాడేమో కానీ, 'ఈ రెండూ ఒకటేనా' అన్నదానికి ఆయన జవాబు చాలావరకు సరిగానే ఉంటుంది. చెడేది ఇంకొకటి: దగ్గరదగ్గరి ఛాయలను విడదీయడం. ముదురు నీలం, నలుపు కలిసిపోతాయి. లేత పసుపు, తెలుపు కలిసిపోతాయి. ఆ జతల్లో ఏమైనా తేడాలు వచ్చాయేమో గుర్తు చేసుకోండి.

ఇలా ఎందుకంటే, రెటీనాలో రంగులకు పనికొచ్చే శంకు కణాలు మూడే రకాలు. ఒకటి 420 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు దగ్గర (దీన్నే నీలం శంకువు అందాం), ఒకటి 530 దగ్గర, ఒకటి 560 దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. ఏ శంకువుకూ తనంతట తాను రంగు తెలియదు. తనకు ఎంత వెలుగు తగిలిందో మాత్రమే చెబుతుంది. మూడింటి నిష్పత్తిని పోల్చి రంగును తేల్చుకునేది ఆ తరువాతి నాడులు, మెదడు. 1802లోనే థామస్ యంగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇలా మూడు చాలునని ఊహించాడు.

దీనివల్ల అద్దకంవాళ్లకు ఒక చిక్కు ఉంది. వేర్వేరు రంగుమందులతో చేసిన రెండు నూళ్లు ఎండలో మూడు శంకువులనూ ఒకే నిష్పత్తిలో తాకి ఒకేలా కనిపించవచ్చు. ట్యూబులైటు కింద ఆ నిష్పత్తి మారి విడిపోతాయి. మీ నాయన గడప దాటడం ఊరికే కాదు.

గద్వాల_జరీ

నాకూ ఒక సమాధానం కావాలి. మాది చీరల వ్యాపారం. ఒకే అద్దకపు నల్ల నూలు ఎరుపు బుటాల పక్కన వేస్తే నిగనిగలాడుతుంది, ముదురు నీలం నేతలో కలిపితే వెలిసినట్టు చప్పగా కనిపిస్తుంది. నేతన్న "నూలు పాతది ఇచ్చారు" అంటాడు, అద్దకమాయన "నా నలుపు నలుపే" అంటాడు. ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నాను.

పాలమూరు_ఫిజిక్స్

ఈ తగవు 200 ఏళ్ల నాటిది. పారిస్‌లో గోబెలిన్ అనే రాచనేత కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకాల విభాగానికి షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. వచ్చీ రాగానే ఫిర్యాదు: నీలం, ఊదా బట్టల మడతలకు నీడలు చూపించడానికి వాడే నల్ల నూలులో బలం లేదని. ఆయన ఇతర చోట్ల అద్దిన నల్ల నూళ్లు తెప్పించి పక్కన పెట్టి చూశాడు. గోబెలిన్ నలుపులో లోపమేమీ కనిపించలేదు. నల్ల నూలు పక్కన ఏ రంగు ఉందన్నదే కారణమని తేల్చాడు. పక్కరంగు తనకు ఎదురురంగు ఛాయను నలుపు మీదికి నెడుతుంది. నీలం పక్కన నలుపు, నారింజవైపు ఎదురుఛాయ తగిలి గోధుమరంగుగా, నీరసంగా కనిపిస్తుంది. 1839లో దీనిమీద పెద్ద గ్రంథమే అచ్చు వేశాడు. మనిషి 102 ఏళ్లు బతికాడు, ఇంకా ఎన్ని తగవులు తీర్చాడో.

కారణం కంటిలోనే మొదలవుతుంది. ఒక్కో కంటిలో మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు సుమారు 12 కోట్లు, శంకువులు 60 లక్షలు ఉంటే, మెదడుకు వెళ్లే దృక్ నాడిలో పోగులు దాదాపు 10 లక్షలే. ప్రతి కణం మాటా విడిగా పంపే వీలు లేదు. అందుకని రెటీనా మధ్య చుక్కకూ చుట్టూ ఉన్న వలయానికీ ఉన్న తేడాను లెక్కవేసి పంపుతుంది. పిల్లి కంటిలో ఈ ఏర్పాటును 1953లో కఫ్లర్ అనే శాస్త్రవేత్త చూపించాడు. ఒకే రంగు పరుచుకున్న చోట నుంచి పోయే కబురు తక్కువ, అంచుల దగ్గర నుంచి పోయేది ఎక్కువ. నలుపు ఎంత నలుపు అన్నది పక్కవాడిని బట్టి తేలుతుంది.

దేవరకొండ_ప్రశ్న

బాగుంది సార్, కానీ నలుపు నలుపే కదా. నల్ల నూలు నుంచి వెలుగు తక్కువ వస్తుంది, తెల్ల నూలు నుంచి ఎక్కువ వస్తుంది. దానికి పక్కవాడు ఎందుకు?

పాలమూరు_ఫిజిక్స్

లెక్క వేద్దాం. మిట్టమధ్యాహ్నం మన పాలమూరు ఎండ దాదాపు లక్ష లక్స్ (మీద పడే వెలుగుకు కొలత). ఇంట్లో ట్యూబులైటు కింద 200 అనుకుందాం. నల్ల నూలు తన మీద పడిన వెలుగులో నూటికి 4 వంతులు వెనక్కి పంపినా ఎండలో అది 4,000కు సమానం. తెల్ల నూలు 80 వంతులు పంపినా ఇంట్లో 160. అంటే ఎండలోని నల్ల నూలు నుంచి మీ కంటికి వచ్చే వెలుగు, ఇంట్లోని తెల్ల నూలు నుంచి వచ్చేదానికి ఇరవై రెట్లకు పైనే. అయినా ఎండలోది నల్లగా, ఇంట్లోది తెల్లగానే కనిపిస్తాయి. వెలుగు మొత్తాన్ని కొలిచే పరికరమైతే తారుమారుగా చెప్పేది.

దేవరకొండ_ప్రశ్న

ఇది నేను ఎప్పుడూ ఆలోచించలేదు. సరే, లెక్కకు ఒప్పుకుంటాను. మరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం సంగతి చెప్పండి. గర్భగుడిలో వెలుతురే తక్కువ, అయినా లింగం వెనుక గోడమీద స్తంభం నీడ స్పష్టంగా కనిపిస్తుంది. నీడ పడాలంటే ఎండ ఉండాలి కదా?

పాలమూరు_ఫిజిక్స్

లోపలికి నేరుగా ఎండ రాదు, బయట చెదిరి, ప్రతిఫలించి వచ్చే వెలుతురే. అందుకే సూర్యుడు తిరిగినా నీడ అటూ ఇటూ నడవదు. శిల్పులు స్తంభాలను, తెరుపులను అమర్చిన తీరు అసలు గొప్ప. ఇక కంటి వైపు నుంచి చెప్పాలంటే, నీడ కనిపించడానికి వెలుతురు ఎక్కువ ఉండనక్కరలేదు. నీడ ఉన్నచోటికీ పక్కగోడకూ నిష్పత్తిలో తేడా ఉంటే చాలు. ఎండలోంచి లోపలికి అడుగుపెట్టగానే కనిపించకపోతే కాసేపు నిలబడండి, కన్ను సర్దుకున్నాక తేలుతుంది.

రాత్రి_స్టీరింగ్

సర్దుకోవడం అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద లారీ నడుపుతాను. చిట్యాల, నార్కట్‌పల్లి దాటేసరికి చీకటి పడుతుంది. ముందు వెళ్లే లారీ వెనుక ఇనుప చువ్వలు బయటికి పొడుచుకు వచ్చి ఉంటాయి, చివర ఎర్రగుడ్డ కడతారు. పగలు ఫర్లాంగు దూరం నుంచి కనిపించే ఆ గుడ్డ మునిమాపు వేళ నల్లబడి మాయమవుతుంది. పక్కన చెట్ల ఆకులు మాత్రం ఇంకా కనిపిస్తుంటాయి. నా కళ్లలో లోపమా?

దృష్టి_నల్లగొండ

లోపం కాదన్నా, అందరికీ అంతే. వెలుతురు తగ్గేకొద్దీ శంకువుల పని తగ్గి దండ కణాలు అందుకుంటాయి. దండ కణాలకు 500 నానోమీటర్ల దగ్గరి నీలిపచ్చ వెలుగు బాగా తెలుస్తుంది, ముదురు ఎరుపు దాదాపు తెలియదు. అందుకే పగలు ఆకుపచ్చ కంటే ప్రకాశంగా ఉన్న ఎరుపు సాయంత్రానికి నల్లబడుతుంది. పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దం మొదట్లోనే దీన్ని గమనించాడు. చువ్వలకు ఎర్రగుడ్డ పగటికే. రాత్రికి వెలుగును వెనక్కి కొట్టే రిఫ్లెక్టరో ఎర్రదీపమో ఉండాలి, లేకపోతే అది కట్టినా కట్టనట్టే.

ఇంకొకటి. పూర్తి చీకటికి దండ కణాలు సిద్ధం కావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వాటిలోని రొడాప్సిన్ అనే వర్ణకం వెలుగుకు విరిగిపోయి మళ్లీ కూడుకోవాలి, దానికి విటమిన్ ఏ కావాలి. ఎదురుగా వచ్చే బండి హైబీమ్ ఆ సన్నద్ధతను కాసేపటికి చెడగొడుతుంది. దీపాల వైపు కాకుండా రోడ్డు ఎడమ అంచు గీత మీద చూపు పెట్టండి. వయసు పెరిగితే ఈ కోలుకోవడం నెమ్మదిస్తుంది. శుక్లం మొదలైనవాళ్లకు ఎదురుదీపం చుట్టూ వెలుగు చెదిరి మరీ కష్టం. మీకు అలా ఉంటే ఒకసారి చూపించుకోండి.

సూర్యాపేట_బడి

దృష్టి గారూ, తెల్లగోడ చూస్తే నాకు నల్లపోగులు ఈదుతూ కనిపిస్తాయి. ఇదీ మెదడు లెక్కేనా? మా ఇంట్లో "ఫోను తగ్గించు" అంటున్నారు.

దృష్టి_నల్లగొండ

ఇది మెదడు లెక్క కాదు. కంటిలోపలి జెల్లీ వంటి పదార్థంలో తేలే పోగుల నీడలు రెటీనా మీద పడుతున్నాయి. ఏళ్ల నుంచి ఒకటో రెండో ఉంటే చాలామందిలో ప్రమాదం లేదు. కానీ ఉన్నట్టుండి చాలా ఎక్కువైనా, మెరుపులు మెరిసినా, ఒక పక్క నుంచి తెర దిగినట్టు చూపు మూసుకుపోయినా ఫోరంలో రాస్తూ కూర్చోవద్దు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రెటీనా ఊడుతున్న సూచన కావచ్చు. ఆలస్యమైతే చూపు తిరిగి రాకపోవచ్చు.

నారాయణపేట_అంచు

అన్నలూ, మళ్లీ నూలు దగ్గరికి వద్దాం. తెల్ల చీరకు సన్నని నిమ్మపసుపు గీతలు వేయించాను. మగ్గం మీద ముచ్చటగా ఉన్నాయి. కట్టుకుని బయటికి వెళితే "తెల్లచీర బాగుంది" అన్నారందరూ. గీతల డబ్బు దండగేనా?

పాలమూరు_ఫిజిక్స్

గీత వెడల్పు పెంచవలసింది అక్కా. తెలుపుకూ లేత పసుపుకూ ఉన్న తేడా ముఖ్యంగా నీలం శంకువులకే తెలుస్తుంది. మిగతా రెండు రకాలకూ ఆ రెండు రంగులూ దాదాపు ఒకటే. నీలం శంకువులేమో మొత్తం శంకువుల్లో నూటికి పది లోపే. పైగా మనం గురిపెట్టి చూసే చోట, రెటీనా మధ్యలోని పసుపుచుక్క (మాక్యులా) నడిబొడ్డున, అవి అసలు ఉండవు. దూరం పెరిగి గీత సన్నబడితే పట్టుకునే కణం ఉండదు. ముదురు నీలం, నలుపు సన్నగా పక్కపక్కన వేసినా అదే గతి. పుట్టపాక తేలియా రుమాళ్లు చూడండి, ఎరుపు, నలుపు, తెలుపు. చిన్న గడి కూడా అల్లంత దూరానికి తెలుస్తుంది.

గద్వాల_జరీ

ఈ మాట ముందే తెలిసి ఉంటే పోయిన పండుగ సరుకులో సగం మార్చేదాన్ని. ఇక నా రెండో బాధ: వాట్సాప్‌లో ఫోటో చూసి ఆర్డరు ఇస్తారు, చీర చేరాక "ఇది ఆ రంగు కాదు" అంటారు. ఫోటో అబద్ధమా, వాళ్ల కళ్లు అబద్ధమా?

దేవరకొండ_ప్రశ్న

ఫోనుకు మెదడు లేదు కదా, ఉన్నది ఉన్నట్టే తీస్తుంది. కొన్నవాళ్లే ఎగ్గొట్టడానికి చూస్తున్నారు.

పాలమూరు_ఫిజిక్స్

ఫోను కూడా ఊహిస్తుంది. గదిలో ఏ దీపం వెలుగుతోందో అంచనా వేసి, తెలుపు తెల్లగా వచ్చేలా అన్ని రంగులనూ జరుపుతుంది. తెరంతా ఎర్రచీరే ఉంటే, తెల్లది ఏదీ కనిపించక, ఆ ఎరుపులో కొంత దీపానిదే అనుకుని తగ్గించేస్తుంది. ఆపైన చూసేవాళ్ల మెదడు రెండో అంచనా వేస్తుంది. 2015లో ఒక గౌను ఫోటో లోకమంతా తిరిగింది గుర్తుందా? కొందరికి తెలుపు–బంగారం, కొందరికి నీలం–నలుపు. అసలు గౌను నీలం–నలుపే. ఫోటోలో దీపం ఎలాంటిదో ఆనవాలు లేదు. నీడలో తీశారనుకున్న మెదడు నీలాన్ని తీసేసింది, పసుపు దీపం కింద తీశారనుకున్నది పసుపును తీసేసింది. ఇళ్లలో అన్నదమ్ములే పోట్లాడుకున్నారు. మీ కొనుగోలుదారుల మీద నింద వేయడం న్యాయం కాదు.

ఫోటోలో చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టండి, కిటికీ వెలుతురులో తీయండి, ట్యూబులైటూ ఎండా కలిసిన చోట తీయవద్దు. సగం పేచీలు తగ్గుతాయి.

గద్వాల_జరీ

కాగితం సరే. ఖరీదైన చీరలకు నూలు పోగులు కవరులో పెట్టి ముందే పంపుతున్నాం. పంపినవాళ్ల నుంచి చీర తిరిగి రావడం బాగా తగ్గింది.

పడుగుపేక

అందరికీ ధన్యవాదాలు. నాయనకు ఇదంతా చదివి వినిపించాను. షెవ్రల్ కథ రెండుసార్లు చెప్పించుకున్నాడు. "పక్కరంగు సంగతి మా తాత కూడా అనేవాడు, ఆయనకు ఎవరూ అచ్చు వేయలేదు" అన్నాడు. ముదురు నీలం, నలుపు కలిసిపోయి రెండు పడుగులు పాడైన మాట నిజమేనని అమ్మ ఒప్పించింది. దృష్టి గారూ, చివరి సందేహం. రెండో కంటికి కూడా చేయించాలా, లేక ఈ రంగుల గొడవ సద్దుమణిగేదాకా ఆగాలా? ఈలోగా అద్దకం ఏ కంటితో?

దృష్టి_నల్లగొండ

రంగుల కోసం ఆగనక్కరలేదు. మొదటి కన్ను బాగా మానిందో లేదో చూసి, ఎప్పుడు చేయాలో ఆపరేషన్ చేసిన డాక్టరే చెబుతారు. రెండు కళ్లూ ఒకే తీరుకు వస్తే పేచీ ఎక్కువగా అక్కడే తీరిపోతుంది. కానీ ఒక మాట ముందే చెప్పండి: ఆయన పని అద్దకమని. కంటిలో వేసే లెన్సుల్లో రంగులేనివి ఉన్నాయి, నీలాన్ని కొంత ఆపే లేత పసుపువీ ఉన్నాయి. కుడి కంటిలో ఏది వేశారో ఆపరేషన్ తరువాత ఇచ్చిన కార్డు మీద ఉంటుంది, దాన్ని తీసుకువెళ్లండి. రెండోదీ అదే రకం అడగండి.

ఈలోగా మచ్చు పోల్చడం రెండు కళ్లూ తెరిచే, బయటి వెలుతురులోనే. ముదురు నీలం, నలుపు వచ్చినప్పుడు మాత్రం ఎడమ కన్ను మూసి చూడమనండి. నీలం బాగా తెలిసేది ఇప్పుడు కుడి కంటికే.

దేవరకొండ_ప్రశ్న

సార్, ట్యూబులైటు కింద, ఎండలో మారే నూళ్ల సంగతి చెప్పారు కదా. నా దగ్గర ఒక చొక్కా ఉంది, దుకాణంలో బూడిదరంగు, ఇంటికి వస్తే పచ్చ. దుకాణంవాడిని నిలదీయవచ్చా?

పాలమూరు_ఫిజిక్స్

దుకాణంవాడు చొక్కా మార్చలేదు, దీపం మారింది. వచ్చేసారి కొనేముందు చొక్కా చేత్తో పట్టుకుని వాకిట్లోకి రండి. వద్దన్నాడంటే అప్పుడు నిలదీయండి.